ఆకారం ఎత్తుకెళ్ళారు, లెక్క వదిలేశారు

స్తూపానికి మనిషి అడుగుపెట్టే లోపల అంటూ ఏమీ ఉండదు. మట్టీ ఇటుకా నింపి, పైన రాతి పలకలు తొడిగిన గుట్ట అది. చుట్టూ ప్రదక్షిణం చేస్తాం, లోపలికి వెళ్ళం. అలాంటి స్తూపాన్ని బోలు చేసి, అందులో కోర్టు హాళ్ళూ లిఫ్టులూ ఏసీ గొట్టాలూ సర్ది, ఇదే మీ వారసత్వమంటూ అమరావతి హైకోర్టు నమూనాను మన ముందు పెట్టారు. మనం చప్పట్లు కొట్టాం. మీరూ కొట్టారు, తల తిప్పుకోకండి.

ఆ కథంతా గుర్తు చేసుకోండి. 2016లో రాజధాని భవనాలకు జపాన్‌కు చెందిన మాకీ సంస్థ నమూనా ఎంపికైంది. కరెంటు ప్లాంటు పొగగొట్టాల్లా ఉందని జనం వెక్కిరించారు, దాన్ని పక్కన పడేశారు. తరవాత లండన్ నుంచి ఫోస్టర్ సంస్థ వచ్చింది. అసెంబ్లీ ఒకసారి వజ్రమైంది, చివరికి 250 మీటర్ల శిఖరమై కూర్చుంది. మధ్యలో తెలుగుదనం చాల్లేదని సినిమా దర్శకుడు రాజమౌళిని పిలిచారు. ఆయన్ని నేనేమీ అనను. అడిగారు గనక తనకు తోచింది చెప్పాడు: ఎండను అద్దాల మీదుగా మళ్ళించి సెంట్రల్ హాల్లోని తెలుగుతల్లి విగ్రహం మీద పడేలా చేద్దామన్నాడు. తప్పు పిలిచినవాళ్ళది. వజ్రమా, స్తూపమా, శిఖరమా అని ఆకారాల అంగట్లో బేరమాడిన ప్రభుత్వానిది. ఎదుటి పక్షం ఇంకా సోమరి. ‘గ్రాఫిక్స్’ అని ఒక్క మాట విసిరి చేతులు దులుపుకుంది. ఆ గ్రాఫిక్స్ వెనక ఏ లెక్క ఉందని నిలదీసిన గొంతు ఎటు నుంచీ నాకు వినిపించలేదు.

అద్దాలెందుకు కావాల్సి వచ్చాయో ఎప్పుడైనా ఆలోచించారా? అరసవల్లి సూర్యుడి గుడిలో అద్దాలు లేవు. ఏటా మార్చి రెండో వారం మొదట్లో కొన్ని రోజులు, మళ్ళీ అక్టోబరు మొదటి రోజుల్లో, పొద్దుటి కిరణాలు అనివెట్టి మండపం మీదుగా సాగి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ తేదీలను కాస్త పట్టి చూడండి. మొదటిది మార్చి విషువత్తుకు సుమారు పదిరోజుల ముందు, రెండోది సెప్టెంబరు విషువత్తుకు సుమారు పదిరోజుల తరవాత. రెండుసార్లూ సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా దాదాపు నాలుగు డిగ్రీల దగ్గరే ఉంటాడు. గుడి ఏ దిక్కు చూడాలి, ద్వారం ఎంత ఎత్తుండాలి, స్తంభానికీ స్తంభానికీ ఎంత ఎడం ఉండాలి అన్నదంతా ఆకాశంలోని ఒక్క కోణానికి ముడిపడి ఉంది. ఇవాళ కంప్యూటేషనల్ డిజైన్ అని మీరు లక్షల ఫీజు కట్టి చదువుకొస్తున్నది ఇదే. ఒక కొలత మారితే మిగతావన్నీ దానితోపాటు మారే నియమాల అల్లిక. గ్రాస్‌హాపర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచిన ఏ కుర్రాడైనా ఆ కోణాన్ని క్షణంలో తీస్తాడు. కానీ తియ్యమని అతణ్ణి ఎవరూ అడగరు. గోపురం గీత కంప్యూటర్లోకి ఎక్కించు, కొంచెం మెలితిప్పు, నున్నగా చెయ్యి అంటారు. అదీ మనవాళ్ళ కంప్యూటేషన్!

రామప్ప గుడి పునాదిలో ఇసుక పోసినవాడు భారం లెక్క వేశాడు. శిఖరానికి నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు కాల్చినవాడు పైబరువు లెక్క వేశాడు. 1213 నాటి ఆ బుద్ధికి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే మనం ఊరూరా ఫ్లెక్సీలు కట్టాం. ఆ ఇసుక గురించి మన సివిల్ ఇంజనీరింగ్ తరగతుల్లో ఎన్ని పాఠాలు చెబుతున్నారో మీ ఇంట్లో చదువుతున్న పిల్లల్నే అడగండి.

ఇప్పుడు అసలు ఒళ్ళు మండే సంగతి చెప్తాను. లండన్ బ్రిటిష్ మ్యూజియం లోపలి ముంగిలి మీద గాజు కప్పు ఉంది. 2000లో పూర్తయింది. 3,312 గాజు పలకలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఆ వంపు వెనక క్రిస్ విలియమ్స్ అనే ఇంజనీరు రాసిన సమీకరణాలున్నాయి. కంప్యూటర్ గణితం వాస్తుశిల్పానికి ఏం చేయగలదో చూపించిన కట్టడాల్లో అదొకటి. దాన్ని రూపొందించింది అదే ఫోస్టర్ సంస్థ. అదే మ్యూజియంలో మన అమరావతి స్తూపం రాతి పలకలు వందకు పైగా ఉన్నాయి. ఏ గాజు ముక్క ఎక్కడ ఎలా నిలవాలో అంత నిష్ఠగా లెక్కగట్టించగలిగిన సంస్థ మన దగ్గరకొచ్చినప్పుడు మనం దాని నుంచి ఏం కోరాం? స్తూపంలా కనబడాలన్నాం. గణితం తెలిసినవాడు ఇంటికొస్తే బొమ్మ గీసిమ్మన్నాం. నా కోపం లండన్ మీద కాదు. హైకోర్టు కప్పుల అంచులు ముందుకు పొడుచుకొచ్చి నీడనిస్తాయని వాళ్ళు చెప్పారు, ఆ ఒక్క ముక్కా మెచ్చుకుంటాను. నా కోపం అడగడం చేతగాని మన మీద.

హైదరాబాద్ ఐటీ కారిడార్‌కు వెళ్ళండి. భవనం ముఖాన మెషీన్ మీద కోసిన జాలీ, దాని వెనక బిగించేసిన గాజు, గాజు వెనక రాత్రీపగలూ తిరిగే ఏసీ. జాలీ పని గాలిని లోపలికి పంపడం. ఆ గాలి దారి మూసేసి జాలీని అలంకారానికి తగిలించిన ఆర్కిటెక్టు వేదికెక్కి సంప్రదాయం గురించి ఉపన్యాసమిస్తాడు. సిగ్గుండాలి.

ఇంకో గుంపుంది. శిల్పశాస్త్రాన్ని కంప్యూటర్ తాకితే మైలపడుతుందనే పెద్దమనుషులు. అయ్యా, మీరు కట్టించే గుళ్ళ రాళ్ళను యార్డుల్లో కోస్తున్నది కంప్యూటర్ నడిపే మెషీన్లే కదా? అక్కడ అంటని మైల లెక్క దగ్గర ఎందుకు అంటుతుంది?

పని తెలిసినవాళ్ళు ఎలా చేశారో చూడండి. అబుధాబిలో 2012లో లేచిన అల్ బహర్ టవర్లకు అరబ్బుల మష్రబియా తెరలు తొడిగారు. ఒక్కో టవర్‌కు వెయ్యికి పైగా మడతలు, ఎండ కదలికను బట్టి విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి. అక్కడ తెర తెర పనే చేస్తోంది. 2016లో వెనిస్‌లో జ్యూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సున్నపురాతి ముక్కలు 399 పేర్చి కమాను కప్పు నిలబెట్టారు. ముక్కల మధ్య సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి రాయిని ఎంత నెడుతుందో కంప్యూటర్ లెక్కతీసింది, రాతిపనివాళ్ళు కోసి అమర్చారు. అంత దూరం వద్దంటారా? నోయిడాలో ఒక ఫ్యాక్టరీ వేడిగాలిని చల్లార్చడానికి యాంట్ స్టూడియో ఆర్కిటెక్టు మోనిష్ సిరిపురపు మట్టి గొట్టాలను తేనెపట్టులా పేర్చి నీళ్ళు పారించాడు. గాలి నడకను కంప్యూటర్లో లెక్కగట్టాడు. మన కుండ చల్లదనమే అది. కుండ ఆకారంలో భవనం కట్టి ఊరుకోలేదు.

రాయి మనకు లేదా? పల్నాడంతా సున్నపురాయే. అమరావతి స్తూపం పలకలు చెక్కింది ఆ రాతి మీదే. అదే పల్నాడులో దుర్గి శిల్పులు ఇవాళ్టికీ ఉలి పట్టుకునే ఉన్నారు, వాళ్ళ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రాజధానికి స్తూపం కావాలనుకున్నవాళ్ళు దుర్గి శిల్పిని డిజైన్ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ప్రారంభోత్సవం రోజు శాలువా కప్పడానికి కాదు, మొదటి గీత పడేనాడే, ఆర్కిటెక్టుకిచ్చినట్టే ఫీజు ఇచ్చి. మే నెల రెండు గంటల ఎండలో ఏ గోడ ఎంత కాగుతుందో, కృష్ణ మీద నుంచి వచ్చే గాలి ఏ గదిలోకి చేరుతుందో ఆ లెక్కలను తెలుగులో అచ్చువేసి జనం ముందు పెట్టాలి. మంత్రిగారు ఈసారి కొత్త నమూనా వీడియో వేసినప్పుడు సంగీతం ఆపమని అడగండి. లెక్క చూపించమనండి. చూపించలేకపోతే ఆ భవనానికి మీ తాతల పేరు వాడుకోవద్దని అక్కడే, ఆయన మొహం మీదే చెప్పండి.