రావడం లేదంటారు, రానిచ్చిందెప్పుడు?

అమెరికాలో ఔత్సాహికుల సైకిల్ రేసులు నడిపేవాళ్ళలో చాలామంది నోట ఒకే మాట వింటూ ఉంటాను. ఆడవాళ్ళు ఎక్కువమంది రారు, కాబట్టి వాళ్ళకి చిన్న రేసు చాలు. కొత్తవాళ్ళనీ, ఆరితేరినవాళ్ళనీ కలిపి ఒకటే పెట్టేయొచ్చు. రోడ్డు పక్కన జనం చేరకముందే, పొద్దున్నే కానిచ్చేయొచ్చు. నలభై నిమిషాలిస్తే ఎక్కువే. ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. సెలవు రోజున తెల్లవారకముందే లేచి బారికేడ్లు మోసేవాళ్ళు, సొంత జేబులోంచి ఖర్చు పెట్టేవాళ్ళు. అందుకే వాళ్ళ మాట చెల్లుతుంది. అందుకే దాన్ని గట్టిగా కాదనాల్సిన అవసరమూ ఉంది. ఆడవాళ్ళు తక్కువ రావడం ఆ పద్ధతి వల్ల వచ్చిన ఫలితం. దాన్నే ఆ పద్ధతికి కారణంగా చూపిస్తున్నారు.

విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏటా జూన్‌లో ‘టూర్ ఆఫ్ అమెరికాస్ డెయిరీలాండ్’ జరుగుతుంది. 2009లో మొదలైంది. వరసగా 11 రోజులు, దాదాపు రోజుకో ఊరు. కెనోషా, గ్రాఫ్టన్, వెస్ట్ బెండ్, మిల్వాకీ నగరంలో డౌనర్ అవెన్యూ, చివరికి వావటోసా. ప్రొఫెషనల్స్ రేసు సాయంత్రం. అంతకుముందు, అవే వీధుల్లో మాలాంటి ఉద్యోగస్తుల రేసులు. చికాగో శివార్లలో పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే నేను ఆ వరసలో పాల్గొన్నాను, మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఆడవాళ్ళ రేసుల గురించి నేనిక్కడ రాస్తున్నదంతా అక్కడ నేర్చుకున్నదే.

అక్కడ దాదాపు అన్నీ క్రిటీరియం రేసులే. ఊరి మధ్యలో నాలుగైదు వీధులు మూసేసి, కిలోమీటరు పైచిలుకు చుట్టు గీస్తారు. దాని మీద తిరుగుతూనే ఉండాలి. బయటినుంచి చూసేవాళ్ళకి ఇది కాళ్ళ బలం పోటీలా కనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. గుంపులో ముందున్నవాళ్ళు మలుపుని బ్రేకు ముట్టుకోకుండా దాటేస్తారు. మధ్యలోవాళ్ళు కాస్త ఆనిస్తారు. చివర్న ఉన్నవాళ్ళు దాదాపు ఆగిపోయి, మలుపు దాటగానే లేచి నిలబడి, ప్రాణం పెట్టి తొక్కితే తప్ప ముందు చక్రాన్ని అందుకోలేరు. చుట్టుకి నాలుగు మలుపులు, రేసుకి పాతిక ముప్ఫై చుట్లు. ఎన్నిసార్లు ఆ పరుగు పెట్టాలో చూడండి. ముందువాళ్ళ వెనక గాలి చాటున ఉంటే మూడోవంతు దాకా శ్రమ తగ్గుతుంది. ఒక్క చక్రం దూరం వదిలితే ఆ చాటు పోతుంది. కొత్తగా వచ్చిన మనిషి వెనకబడేది చాలాసార్లు బలం చాలక కాదు, మలుపు రాక.

ఆ మలుపు నాకు నేర్పింది మిన్నెసోటా నుంచి వచ్చిన ఒక నర్సు. నాకంటే పదేళ్ళు పెద్దావిడ ఉంటుంది. గుంపు తోక పట్టుకుని వేలాడుతుంటే పక్కకొచ్చి, “నా చక్రం వదలకు” అని అరిచింది. రేసయ్యాక పార్కింగ్ స్థలంలో, కారు డిక్కీ తెరిచి, దాని అంచున కూర్చుని చెప్పింది. బ్రేకు మలుపుకి ముందే వేసేయాలి, మలుపులో వేయకూడదు. చేతులు హ్యాండిల్ కింది వంపు మీద ఉండాలి. బయటి కాలు కిందికి దించి, ఒంటి బరువంతా దాని మీద పెట్టాలి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు అవతల బయటపడబోయే చోట ఉండాలి. చెబుతూనే మర్నాటి కోసం నా జెర్సీకి నంబరు మళ్ళీ గుచ్చింది. నాలుగు మూలలా నాలుగు పిన్నులు పెడితే గాలికి తెరచాపలా ఉబ్బుతుందని, అంచుల మధ్యలో కూడా పిన్నులు దించి, గుడ్డకి అంటుకుపోయేలా చేసింది.

మర్నాడు ఇంకో ఊళ్ళో మళ్ళీ అదే మనిషి నా పక్కన. ఆ మర్నాడూ అంతే. పలు రోజుల రేసు వరస ఇచ్చేది ఇదీ. వాళ్ళే మనుషులు, వేరే మలుపులు. నిన్న విన్నది ఇవాళ చేసి చూడొచ్చు, ఇవాళ తప్పినది రేపు దిద్దుకోవచ్చు. నడి వరసకి వచ్చేసరికి నేను గుంపు మధ్యలో ఉన్నాను. ఆ కొద్ది రోజుల్లో కాళ్ళకి కొత్త బలమేమీ రాలేదు. నిజానికి అవి అలిసిపోయి ఉన్నాయి.

ఇప్పుడు రెండో రకం రేసు సంగతి చూడండి. ఊరు పేరు చెప్పను. వాన వెలిసిన ఆదివారం, ఆడవాళ్ళందరికీ కలిపి ఒకటే రేసు. ప్రొఫెషనల్ జట్టు జెర్సీ వేసుకున్నవాళ్ళ పక్కన మొదటిసారి నంబరు కట్టుకున్న కాలేజీ అమ్మాయి నిలబడింది. మూడో చుట్టుకి ఆ అమ్మాయి ఒంటరిదైపోయింది. గుంపు ఇంకో చుట్టు తిరిగి తనని చేరబోతుందనగా రిఫరీ ఈల ఊది బయటికి పంపించేశాడు. నిబంధన ప్రకారం అది సరైనదే. కానీ రేసు రుసుము కట్టి, రెండు గంటలు కారు నడుపుకుని వచ్చిన మనిషికి అక్కడ దక్కింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఒక్క మలుపైనా ఇంకొకరి పక్కన తీసుకోలేదు. ఆ అమ్మాయిని మళ్ళీ ఏ రేసులోనూ చూడలేదు. మరుసటి ఏడాది పేర్లు ఇంకా తగ్గాయని, ఆడవాళ్ళ రేసు నిడివి ఇంకా కుదించారు. విత్తు నాటకుండా పొలాన్ని గొడ్డుదంటే ఎలా?

పైగా అమెరికా సైక్లింగ్ సమాఖ్య పద్ధతిలో ఔత్సాహికులు కింది వర్గం నుంచి పై వర్గానికి వెళ్ళాలంటే కొంత దూరం రేసుల అనుభవంతో, ఆపైన పాయింట్లతో వెళ్ళాలి. ఎంత చిన్న గుంపైతే అన్ని తక్కువ పాయింట్లు. అంటే పదిమందే ఉన్న రేసులో గెలిచిన ఆడమనిషికి, యాభైమంది ఉన్న రేసులో గెలిచిన మగవాడికొచ్చినన్ని రావు. పైకి వెళ్ళడం ఆలస్యమవుతుంది, పై వర్గంలో మనుషులు పెరగరు, అక్కడా “ఆడవాళ్ళు లేరు” అన్న మాటే వినిపిస్తుంది. ఈ ముడి తనంతట తాను విడిపోదు. విప్పగలిగింది ఎక్కువ రేసులు, వేరువేరు స్థాయిలకి వేరువేరు రేసులు. మగవాడికి ఒక వేసవిలో చుట్టుపక్కలే ఎన్నో రేసులు దొరుకుతాయి. ఆడవాళ్ళకి అన్ని రేసులు ఒకేచోట దొరికేది ఇలాంటి వరసల్లోనే.

ఆడవాళ్ళ ఒళ్ళు అంత దూరాన్ని, అన్ని రోజుల్ని తట్టుకోదన్న వాదన ఇప్పుడు బాహాటంగా ఎవరూ చెయ్యరు. రేసు నిడివిలో మాత్రం అది ఇంకా బతికే ఉంది. 1924లో ఇటలీలో ఆల్ఫోన్సినా స్ట్రాడా అనే ఆవిడ ఆ దేశపు పెద్ద సైకిల్ రేసు జిరో దిటాలియాలో మగవాళ్ళతో పాటు బయలుదేరింది. 12 అంచెలు, 3,613 కిలోమీటర్లు, నాటి మట్టిరోడ్లు. దారిలో హ్యాండిల్ విరిగితే చీపురుకర్ర కట్టుకుని తొక్కింది. ఆ రోజు గడువు దాటిపోవడంతో ఫలితాల్లోంచి తీసేశారు, తొక్కడానికి మాత్రం ఒప్పుకున్నారు. 90 మంది బయలుదేరిన ఆ రేసులో చివరిదాకా లెక్కలో నిలిచింది 30 మంది. లెక్కలో లేకపోయినా ఆవిడా మిలాన్ చేరింది. మరుసటి ఏడాది ఆవిడని రానివ్వలేదు.

1984లో ఆడవాళ్ళ టూర్ డి ఫ్రాన్స్ 18 అంచెలు జరిగింది. అమెరికన్ మరియాన్ మార్టిన్ గెలిచింది. చేతికొచ్చింది సుమారు వెయ్యి డాలర్లు, ఒక ట్రోఫీ. ఆ రేసు 1989 తర్వాత ఆగిపోయింది. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో వేరే పేర్లతో ఆడవాళ్ళ రేసులు నడిచాయి కానీ, టూర్ డి ఫ్రాన్స్ పేరుతో మళ్ళీ ఆడవాళ్ళకి పలు రోజుల రేసు పెట్టడానికి 2022 దాకా పట్టింది. అప్పుడు దక్కింది ఎనిమిది అంచెలు. వాటిలో ఒకటి 175.6 కిలోమీటర్లు. ఆడవాళ్ళకి అంత దూరం నిబంధనల్లో లేదు కాబట్టి ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. 2024లో ఎనిమిది అంచెలు తొక్కాక, ఆల్ప్ ద్యువెజ్ కొండ మీద, పోలెండ్‌కి చెందిన కాషా నీవియాదోమాకీ రెండో స్థానంలోని డెమీ వోలరింగ్‌కీ మధ్య తేడా నాలుగంటే నాలుగే సెకన్లు. అలాంటి రేసు ఒక్కరోజులో తయారవదు. రోజుల తరబడి కూడిన అలసటా, లెక్కలూ, కిందపడటాలూ ఉంటేనే అవుతుంది.

ప్రమాదం గురించీ అడుగుతారు. రోజూ రేసంటే అలిసిపోయి పడతారు కదా అని. పడతారు, నిజమే. నా చెయ్యీ గీరుకుపోయింది. కానీ నేను చూసినంతలో ఎక్కువమంది పడేది అలిసిపోయిన వాళ్ళ వల్ల కంటే, గుంపులో భుజానికి భుజం ఆనితే బెదిరి బ్రేకు వేసేవాళ్ళ వల్ల. ఆ బెదురు పోయేది గుంపులో ఉంటేనే. రేసులు తగ్గించి భద్రత పెంచుతామంటే ఈత రాని పిల్లని నీళ్ళకి దూరంగా పెంచడమే.

ఇక మన ఇళ్ళల్లో అడిగే ప్రశ్న. మా పెద్దత్తయ్య విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది: “గెలిచేది లేనప్పుడు వారం రోజులు సెలవు పెట్టడం ఎందుకే?” ఆవిడ ప్రశ్నలో చెడు లేదు. మా మరిది క్లబ్బు క్రికెట్‌కి ప్రతి ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెళతాడు, అతన్ని ఎవరూ ఏం గెలిచావని అడగరు. మగవాడి ఆట ఆటే. ఆడమనిషి ఆటకి మాత్రం పతకమో ఆరోగ్యమో ఏదో ఒక లాభం చూపించాలి. నేను చూపించను. నలభై దాటిన ఒంటితో, ముప్ఫైమంది మధ్య, తెలియని ఊరి వీధిలో గంటకి ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల వేగంతో మలుపు తిరగడం నాకిష్టం. ఆ ఇష్టానికి ఒక వారం ఖర్చు పెట్టే హక్కు నాకుంది.

గెలుపు సంగతే కావాలంటే అదీ ఉంది. అలాస్కాలో పుట్టిన క్రిస్టెన్ ఫాక్‌నర్ న్యూయార్క్‌లో ఆర్థిక రంగంలో ఉద్యోగం చేస్తూ, 2017లో సెంట్రల్ పార్క్‌లో ఆడవాళ్ళకి మాత్రమే పెట్టిన ప్రారంభ శిక్షణ తరగతికి వెళ్ళింది. ఏడేళ్ళ తర్వాత పారిస్ ఒలింపిక్స్ రోడ్ రేసులో స్వర్ణం గెలిచింది. ఆ తరగతి పెట్టినవాళ్ళు “ఎంతమంది వస్తారులే” అనుకుని మానేసి ఉంటే? అదే ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ ఆడామగా అందరికీ 32.4 కిలోమీటర్లు. రోడ్ రేసుకి వచ్చేసరికి మగవాళ్ళకి 273, ఆడవాళ్ళకి 158.

నిర్వాహకుడొకాయన ఈ మధ్య నన్ను సూటిగా అడిగాడు, కొత్త ఆడవాళ్ళకి వేరే రేసు పెడితే ఐదుగురే వచ్చారనుకోండి, అప్పుడేంటని. ఐదుగురికీ జరపండి. వెనకబడ్డవాళ్ళని వెంటనే దించేయకండి, వాళ్ళలో వాళ్ళని తొక్కుకోనివ్వండి. మధ్యాహ్నం, జనం ఉన్న వేళ పెట్టండి. పేర్లు రాలేదని వారం ముందే రద్దు చేయకండి. ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నవాళ్ళం, చివరి నిమిషంలోనే పేరిస్తాం. మూడేళ్ళు అదే నిడివితో, అదే వేళకి, వరసగా నాలుగైదు రోజులు జరపండి. ఆ మూడో ఏడు స్టార్ట్ లైన్ దగ్గర తలలు లెక్కపెట్టి రండి. అప్పుడు మీతో ఎంతసేపైనా వాదిస్తాను.