పెద్దల చేతికి ఆట ఇచ్చేముందు

చంటిపిల్ల ఏడిస్తే చేతికి ఫోను ఇచ్చి ఊరుకోబెట్టడం ఈ కాలపు తల్లిదండ్రులకు అలవాటైపోయింది. ఇటీవల అదే ఉపాయాన్ని ఇంటి పెద్దలమీద కూడా ప్రయోగిస్తున్నారు. దాదాజాన్ ఊరికే విసుక్కుంటున్నారు, నానీ చెప్పిన మాటే పదిసార్లు చెబుతున్నారు, ఒక ఫోను కొని అందులో నాలుగు ఆటలు వేసి ఇస్తే ఇక మనకు ఇబ్బంది ఉండదు అనుకునే కొడుకులూ మనవలూ మన మధ్యనే ఉన్నారు. పెద్దలకు వీడియో గేములు నేర్పడం తగదని మేము అనడం లేదు. పద్ధతిగా నేర్పితే అదీ ఒక సేవే. అయితే వారితో కలిసి కూర్చోవడానికి నేర్పుతున్నామా, వారి దగ్గరనుంచి లేచి వెళ్ళడానికి నేర్పుతున్నామా అన్న ప్రశ్నను ముందుగా మనకు మనమే వేసుకోవాలి. ఆట మంచిదా చెడ్డదా అన్నది చాలావరకు ఈ ప్రశ్నకు మనమిచ్చే జవాబుమీదే ఆధారపడి ఉంటుంది.

రొళ్ల ప్రాంతాన్నే తీసుకుందాం. మడకశిరకు ఆవల, కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న మండలం ఇది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఇక్కడి ముస్లిం ఇళ్ళలో ఉర్దూ, బజారులో కన్నడం, బడిలో తెలుగు వినిపిస్తాయి. వక్కతోటలనూ వేరుశనగ చేలనూ నమ్ముకున్న తరం ముసలిదయింది. వయసులో ఉన్నవారు పనులకోసం హిందూపురానికో బెంగుళూరుకో వెళ్తున్నారు, కొందరు గల్ఫ్ దేశాలు చేరుతున్నారు. పగలంతా ఇంట్లో మిగిలేది పెద్దలు. సాయంత్రం బడినుంచి పిల్లలు వస్తారు. పెద్దల చేతిలో తస్బీహ్, పిల్లల చేతిలో ఫోను. ఒకే మంచంమీద కూర్చుని కూడా ఒకరితో ఒకరు పది మాటలు మాట్లాడుకోకుండానే ఇషా వేళ అయిపోతున్నది.

ఒక ఇంటి అనుభవం

ఆ ప్రాంతంలోని ఒక కుటుంబం గురించి మాకు తెలుసు. ఇంటర్మీడియట్ చదువుతున్న మనవడికి తన దాదీకి ఆట నేర్పాలన్న కోరిక పుట్టింది. తనకు ప్రాణమైన కారు పందెం ఆటను ఆమె చేతిలో పెట్టాడు. రెండు నిమిషాలు గడవకముందే ఆమె ఫోనును దిండుమీద పెట్టేశారు. బండి గోడకు గుద్దుకుంటూ ఉంటే ఆమెకు కళ్ళు తిరిగాయి. పైగా ఆ కుర్రవాడు "అలా కాదు, ఇలా" అంటూ మాటిమాటికీ ఫోను లాక్కోవడం ఆమెకు చిన్నతనంగా తోచింది. "ఇది మీ వయసు ఆట, నాకెందుకు బేటా" అని ఊరుకున్నారు.

ఆ ఇంటి ఆడపిల్ల మరో దారి పట్టింది. "మీరు చిన్నప్పుడు ఏం ఆడేవారు దాదీ?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమెను ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ అడగలేదు. పెళ్ళికి ముందు అన్నలతో కలిసి అరుగుబండమీద గీతలు గీసి పులిజూదం ఆడేదాన్నని ఆమె చెప్పారు. పేరులో జూదం ఉన్నా ఆ ఆటలో పందెం ఉండదు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా దాటి దూకి పట్టుకుంటూ పోతే పులి గెలుస్తుంది, పులి కదలకుండా మేకలు చుట్టుముడితే మేకలు గెలుస్తాయి. చింతగింజలు మేకలయ్యేవి, గులకరాళ్ళు పులులయ్యేవి. ఆ పిల్ల ఫోనులో అదే తరహా ఆటను వెతికి ముందు పెట్టింది. ఆ గీతలు చూడగానే దాదీ కళ్ళజోడు సర్దుకున్నారు.

ఆమెకు ఆట తెలుసు, ఫోను తెలియదు. పనిచేసి పనిచేసి ఎండి గట్టిపడిన వేలు తెరకు ఒక్కోసారి అందేది కాదు. అందనప్పుడు ఆమె ఇంకా గట్టిగా నొక్కి పట్టుకునేవారు, అప్పుడు తెరమీద మరేదో తెరుచుకునేది. వేలిని కొద్దిగా తడి చేసుకుని, తలుపు తట్టినట్టు ఒక్కసారి తాకి తీసేయాలని ఆ పిల్ల నాలుగు రోజులు చూపించింది. ఐదో రోజుకు దాదీ ఫోనును ఓడించారు. "మేకలను తొందరపడి దించకూడదు" అని మనవరాలికి కిటుకు చెప్పారు. కారు పందెం మనవడు కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. పదిహేను మేకలు ఎలా నిలబడాలో అతనికీ తెలియదు. ఆ సాయంత్రం గురువెవరో శిష్యులెవరో చెప్పడం కష్టం.

ఈ రెండు ప్రయత్నాల్లోనూ ఫోను ఒకటే. మొదటి ప్రయత్నంలో నేర్పేవాడు తనకు ఇష్టమైనది ఇచ్చాడు. రెండోదాంట్లో నేర్పే అమ్మాయి ముందు అడిగింది, తరువాత ఇచ్చింది.

సహనమే అసలు పాఠం

ఆటలో తోడు నిలవడమంటే ఏమిటో దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలో మనకు కనిపిస్తుంది. ఈద్ రోజున మస్జిదులో అబిసీనియా దేశస్థులు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, హజ్రత్ ఆయిషా (రజి) చూడాలనుకున్నారు. ప్రవక్త (స) ఆమెకు అడ్డుగా నిలబడి చూపించారు. ఆమె తనంతట తాను చాలనుకునేవరకు కదలలేదు. ఎంతో బరువైన బాధ్యతలు మోసిన మహనీయులు ఒకరి సరదాకోసం అలా నిలబడి ఉండడం మామూలు విషయం కాదు. ఆయన ఆమెతో పరుగుపందెం కూడా ఆడారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఇంటివారి ఉల్లాసానికి సమయమివ్వడం మన ధర్మానికి వెలుపలి సంగతి కాదని ఈ సంఘటనలవల్ల తెలుస్తున్నది.

ఇక తల్లిదండ్రులు వృద్ధులైనప్పుడు వారితో విసుగు ధ్వనించే చిన్న మాటనైనా పలకరాదని దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశించింది. ఫోను నేర్పేటప్పుడు ఈ ఆదేశం ఎన్నిసార్లు ఉల్లంఘన అవుతున్నదో ఆలోచించండి. "ఎన్నిసార్లు చెప్పాలి?", "ఇంతమాత్రం తెలియదా?" అన్న మాటలు అక్కడే మన నోట వస్తాయి. మనకు చెంచా పట్టుకోవడం, చెప్పు తొడుక్కోవడం, అలిఫ్ బే దిద్దడం నేర్పినప్పుడు వారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కపెట్టలేదు. ఒకే మీట గురించి నానా ఆరోసారి అడిగితే ఆరోసారి కూడా మొదటిసారి చెప్పినట్టే చెప్పగలగాలి. అది చేతకానివారు ఆట నేర్పే పనికి పూనుకోకపోవడమే మేలు.

ఏ ఆట తగినది

ఆటను ఎంచేటప్పుడు దివ్యఖుర్ఆన్ మాయిదా సూరాలో జూదాన్ని ఎందుకు నిషేధించిందో గుర్తుంచుకోవాలి. జూదం మనుషుల మధ్య వైరం పెంచుతుంది, దైవస్మరణనుంచీ నమాజునుంచీ మరలిస్తుంది. కనుక డబ్బు పెట్టి ఆడే ఆట ఏ రూపంలో ఉన్నా మన ఇంట్లోకి రాకూడదు. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే నిషేధించింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా "ఆడండి, గెలవండి" అనే లింకులు వాట్సాప్‌లో రావచ్చు. ఉచితంగా వచ్చే డబ్బు ఉండదని మనకు చెప్పి పెంచిన పెద్దలే, ఫోనులో కనిపించే బంగారు నాణేలు నిజమనుకునే ప్రమాదం ఉంది. అవి బొమ్మలు మాత్రమేనని మొదటిరోజే చెప్పాలి.

పాచికల విషయం కూడా ఉంది. 2016లో వచ్చిన లూడో కింగ్ అనే ఆట 2020 లాక్‌డౌన్ కాలంలో దేశమంతటా ఇళ్ళలోకి చేరింది. పిల్లలు పెద్దలకు మొదట నేర్పాలనుకునేదీ అదే. అయితే పాచికలతో ఆడే నర్ద్ ఆటను ప్రవక్త (స) తీవ్రంగా వారించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దాని ఆధారంగా పందెం లేకపోయినా పాచికల ఆటలు కూడదన్న ఉలమాలు అధికసంఖ్యలో ఉన్నారు. పందెం ఉంటేనే అభ్యంతరమన్నవారూ ఉన్నారు. జీవితమంతా జాగ్రత్తగా గడిపిన పెద్దలను ఈ వయసులో సందేహంలో పడవేయడం ఎందుకు? వారి అభిప్రాయం అడిగి, వారి మనసుకు ఇబ్బంది లేని ఆటనే తీసుకోవాలి. కొరత ఏమీ లేదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన టెట్రిస్‌లో పడే ముక్కలను పేర్చడమే పని. 1997లో నోకియా ఫోనులో వచ్చిన పాము ఆట మన ఇళ్ళలో చాలామందికి తెలిసినదే. బొమ్మ ముక్కలను జతచేసే ఆటలు, అంకెలు కలిపే ఆటలు, మాటలు వెతికే ఆటలు ఎన్నో ఉన్నాయి.

మొదటి ఆటకు తొందర ఉండకూడదు. గడియారం తరిమే ఆట పెద్దల చేతిని వణికిస్తుంది. నియమాలు ఒకటి రెండుకు మించకూడదు. రొళ్ల వంటి చోట మరో ఇబ్బంది ఉంది. ఇంటి పెద్దలు కొందరు ఉర్దూ చదువుతారు, కొందరు కన్నడం చదువుతారు, కొందరికి చదువే రాదు. ఫోనులోని ఆటలేమో ఎక్కువగా ఇంగ్లీషులో మాట్లాడతాయి. కనుక చదవకుండానే చూసి తెలుసుకోగల ఆటను ఎంచడం మంచిది.

చేతికిచ్చే ముందు చేయవలసినవి

అక్షరాలను పెద్దవి చేయండి, తెర వెలుగును కంటికి తగినట్టు సర్దండి, మోత తగ్గించండి. ఫోన్‌పే, గూగుల్ పే వంటివి ఉన్న ఫోనును ఆటకు ఇవ్వకండి. వేరే ఫోను లేకపోతే ఆ యాప్‌లకు తాళం వేయండి. ప్లే స్టోర్‌లో పాస్‌వర్డ్ లేకుండా ఏదీ కొనలేని విధంగా మార్చండి. ఇంటర్నెట్ అవసరం లేని ఆటైతే ఆడేంతసేపు దాన్ని ఆపివేయండి. అలా చేస్తే ఆట మధ్యలో సిగ్గుమాలిన ప్రకటనలు తెరమీదకు రావు. ఆట నేర్పే రోజునే ఓటీపీ ఎవరికీ చెప్పరాదన్న మాట కూడా నేర్పండి. అన్నిటికన్నా ముఖ్యంగా ఫోను వారి చేతిలోనే ఉండాలి. మీ వేలు చూపించడానికి మాత్రమే. వారు తప్పు చేస్తే చేయనివ్వండి. ఆటలో ఓడితే పోయేదేమీ లేదని మనం పిల్లలకు చెబుతాం, ఆ వెసులుబాటు పెద్దలకూ ఇవ్వాలి.

వయసు అడ్డు కాదు, అతిశయోక్తీ వద్దు

పెద్దలకు ఇవి అబ్బవని తీర్మానించేవారు ఇద్దరు స్త్రీల గురించి తెలుసుకోవాలి. జపాన్‌కు చెందిన హమాకో మోరి 1930లో పుట్టారు. యాభై దాటాక వీడియో గేములు మొదలుపెట్టారు. ఆటల వీడియోలు చేసే యూట్యూబర్లలో అత్యంత పెద్ద వయస్కురాలిగా 2020లో, తొంభయ్యో ఏట, గిన్నిస్ గుర్తింపు పొందారు. అమెరికాకు చెందిన షర్లీ కర్రీ 1936లో పుట్టారు. ఆమెకు కంప్యూటరు ఆట మొదట నేర్పినది కొడుకు. డెబ్బయి దాటాక తాను ఆడే ఆటలను లోకానికి చూపించి ఎందరికో ఆత్మీయురాలయ్యారు.

అయితే "మెదడుకు పదును, మతిమరుపుకు మందు" అనే ప్రకటనలను ఉన్నవి ఉన్నట్టు నమ్మకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు అరవైనుంచి ఎనభై అయిదేళ్ళ వయసువారికి ప్రత్యేకంగా తయారుచేసిన ఒక ఆటను నెలరోజుల్లో పన్నెండు గంటలపాటు ఆడించారు. రెండు పనులమీద ఒకేసారి ధ్యాస నిలిపే శక్తి వారిలో పెరిగిందనీ, ఆరునెలల తరువాతా ఆ మేలు నిలిచిందనీ 2013లో నేచర్ పత్రికలో ప్రకటించారు. అది ఆ ఆటకు, ఆ శిక్షణకు సంబంధించిన ఫలితం. ప్రతి ఆటకూ వర్తించదు. రుజువు లేకుండా ఇలాంటి లాభాలను ప్రచారం చేసినందుకు లుమోసిటీ అనే సంస్థ 2016లో అమెరికాలో ఇరవై లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. మతిమరుపు కనిపిస్తే వైద్యుని వద్దకే తీసుకువెళ్ళాలి.

ఆటకు హద్దు కూడా ఉండాలి. అసర్ తరువాత కాసేపు ఆడి, మగ్రిబ్ అజాన్ వినగానే పక్కన పెట్టడం మంచి నియమం. ఈ నియమం దాదాకు పెట్టి మనవడు తప్పించుకుంటే చెల్లదు. ఇద్దరికీ ఒకటే అజాన్.

ఇంత చేసినా కొందరు పెద్దలు "నాకు వద్దు" అంటారు. వద్దన్నప్పుడు నొచ్చుకోకుండా ఫోను పక్కన పెట్టేయండి, కానీ మీరు లేవకండి. వారికి ఖుర్ఆన్ పారాయణం వినిపించండి, పాత సంగతులు అడగండి, పక్కన కూర్చుని చింతపండు గింజలు తీయండి. పెద్దలు మననుంచి కోరుకునేది వినోదంకన్నా తోడు. ఆ తోడుకు ఆట ఒక నెపమైతే సంతోషం. నెపం లేకుండానే తోడు దొరికితే మరీ సంతోషం.

మన పెద్దల వార్ధక్యాన్ని ఒంటరితనంలో గడిచిపోనివ్వకుండా, వారి పక్కన ఓర్పుతో కూర్చునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.