గీకి చూడకుండా తలుపు పీకకండి



క్రిస్మస్ దగ్గర పడుతోంది. వరి కోతలు, సున్నాలు, రంగులు అన్నీ ఒక్కసారే మీద పడే రోజులు. ఈ ఏడు ఇంకో మాట కూడా తరచుగా వింటున్నాం. "పాత తలుపులు తీసేసి కొత్తవి పెట్టిస్తున్నాం అయ్యగారూ, ప్రార్థన చేయండి" అని. ప్రార్థన చేస్తాం. కానీ ఈ విషయంలో మా అభిప్రాయం వేరు. మొహమాటం లేకుండా చెబుతాం, వినండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు వీడియో కాల్‌లో ఇల్లు చూపించినప్పుడు గమనించే ఉంటారు, అక్కడ చాలా ఇళ్లలో నేలంతా చెక్కే. గట్టి ఓక్ పలకలు, ముప్పావు అంగుళం మందం. అరిగిపోయి గీతలు పడితే వాటిని పీకి పారేయరు. మిషన్‌తో పైపైన పలచగా గీకి మళ్లీ పాలిష్ పెడతారు. ఒకే నేలకి అలా కొన్నిసార్లు చేసుకోవచ్చు. కొందరు మిషన్ అద్దెకి తెచ్చుకుని సొంత చేతులతోనే చేసుకుంటారు. మన కృష్ణా డెల్టాలో చెక్క నేల నిలవదు. కింద నుంచి చెమ్మ, దాని వెనకే చెదలు. మనకి గట్టి చెక్క అంటే గుమ్మాలు, తలుపులే. అక్కడి పిల్లలు ఓక్ నేలని కాపాడుకుంటుంటే, ఇక్కడ మనం టేకు తలుపుల్ని వ్యాపారికి అమ్మేస్తున్నాం. అతను వాటిని చిత్రిక పట్టించి లాభానికే అమ్ముకుంటాడు. మన ఇంటికి మాత్రం టేకు బొమ్మ అంటించిన చెక్కపొడి తలుపు వస్తుంది. అదీ డ్వాక్రా అప్పుతో!

మన సంఘంలో చాలామంది తాతముత్తాతలవి తాటాకు ఇళ్లు. తలుపు అంటే తడికె. కుక్క తోసుకుని వచ్చేది, గాలివానకి ఎగిరిపోయేది. కోతలకీ నాట్లకీ పోయి కూడబెట్టిన కూలి డబ్బుతో మొదటిసారి గుమ్మం ఎత్తి, టేకు తలుపు బిగించి, తాళం వేసుకోగలిగిన రోజు ఆ కుటుంబానికి ఎలాంటి రోజో పెద్దవాళ్లని అడగండి. తాళం వేసే ఇల్లు అంటే మర్యాద. ఆ తలుపుని పాత సామాను కింద లెక్కకట్టడం మాకు మింగుడు పడదు.

2 రాజులు 22వ అధ్యాయం చదవండి. యోషీయా మందిరాన్ని పడగొట్టి కొత్తది కట్టలేదు, బాగు చేయించాడు. ద్రవ్యం వడ్లవారికీ శిల్పకారులకీ కాసెపనివారికీ చేరింది. వాళ్లు నమ్మకంగా పనిచేశారు గనుక వాళ్లని లెక్క కూడా అడగలేదు. ఆ మరమ్మతు జరుగుతున్న రోజుల్లోనే ధర్మశాస్త్రగ్రంథం దొరికింది.

మన ఊరి స్తూపం కథ దీనికి తిరగబడిన కథ. దాన్ని రాళ్లగుట్టగా చూసిన రోజుల్లో ఇటుకలు రోడ్డుకి పోయాయి, పాలరాళ్లు కాలువ పనులకి పోయాయి. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించేసరికి, మిగిలిన దానిలోనే అక్షరాలు చెక్కిన రాతి పేటికలు బయటపడ్డాయి. ఆ అక్షరాల వల్లే ఈవేళ లిపి చరిత్ర రాసేవాళ్లంతా భట్టిప్రోలు పేరు చెబుతున్నారు. పోయినదానిలో ఏముండేదో!

అలాగని చెక్కని పూజించమనడం లేదు. వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే, స్క్రూడ్రైవర్ మెత్తగా దిగిపోతే చెదలు తినేశాయన్నమాట, తీసేయండి. గట్టిగా ఉంటే మాత్రం వడ్రంగి మేస్త్రిని పిలవండి. ఎన్ని క్రిస్మస్‌ల రంగులుంటాయో ఒక్కో తలుపు మీద! అవన్నీ పోయేదాకా గీకాలి. తర్వాత ఉప్పుకాగితం: ముందు 80 నంబరు, ఆపైన 120, చివరికి 220. ఎప్పుడూ చెక్క చారల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే అప్పుడు కనపడదు, పాలిష్ పడ్డాక ప్రతి గీతా లేచి కనపడుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి పాలిష్‌కి ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి. లోపలి తలుపులకి స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ చాలు, అందంగా ఉంటుంది. వాన కొట్టే వీధి తలుపుకి అది వద్దు, తడికి తెల్లబడుతుంది. అవిసె నూనె వాడితే ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి బయట ఆరేయండి.

ఇంతకంటే ముఖ్యమైనది దుమ్ము. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండవచ్చు. ఆ పొడి పసిపిల్లల మెదడుకి చేటు. అందుకని తలుపుని తడిపి గీకించండి, మంట పెట్టి రంగు ఊడదీయించకండి. కింద పట్టా పరచండి. పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ రోజు వేరే ఇంటికి పంపండి. పొడిని పెరట్లోకి ఊడ్చేయకుండా మూట కట్టండి.

మరి మేస్త్రి ఊపిరితిత్తుల సంగతి? ఆయనకి మంచి మాస్కు కొనివ్వరు గాని, కూలి దగ్గర యాభై తగ్గించమని గంటసేపు బేరమాడతారు. ఇది మన విశ్వాసుల ఇళ్లలోనే చూస్తున్నాం. మన ప్రభువు కూడా వడ్లవాడే, ఆ ఊరివాళ్లు ఆయన్ని అలాగే పిలిచారు. ఆయన్ని కూడా ఇలాగే బేరమాడి ఉంటారా అని మాకు అనుమానం.

మందిరం వీధి తలుపులు మార్చాలని కమిటీలో కూడా మాట వచ్చింది. ముందు ఒక మూల గీకించి చూద్దామన్నాం. మేస్త్రి గురువారం పొద్దున వస్తున్నారు. పాత పట్టాలు, బకెట్లు ఉన్నవాళ్లు బుధవారం ప్రార్థన కూటానికి వచ్చేటప్పుడు తెచ్చివ్వండి. గురువారం మాత్రం పిల్లల్ని ఆ వైపుకి రానివ్వకండి.