ఆర్గానిక్ బట్టలూ, కలరా ఉండలూ

మా అక్క కూతురు పురిటికి వచ్చినప్పటి సంగతి ఇది. అక్కకి మోకాళ్ళ నొప్పులు. మేము ఉండేది రెండు వీధుల అవతలే కాబట్టి పసిదాని బట్టలు ఉతికే పని నేను తీసుకున్నాను. సీమంతానికి ఎవరో మూడు జతల ఆర్గానిక్ కాటన్ బట్టలు ఇచ్చారు. పెట్టె మీద పచ్చటి ఆకు బొమ్మ. లోపల మూడు వేల రూపాయల బిల్లు తీయడం మర్చిపోయారు పాపం. పురుడు వెళ్ళేదాకా కొత్త బట్టలు వేయకూడదని అక్క వాటిని బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా దాచింది.

బారసాల ముందు రోజు తీస్తే గుప్పుమని కలరా ఉండల వాసన! ఆ వాసన చంపడానికి జాడించే నీళ్ళలో సువాసన కండిషనర్ ఒక మూతకి మూడు మూతలు పోసింది ఎవరో కాదు, నేనే. బారసాల నాటి సాయంత్రానికి పిల్ల మెడ మీద, చంకల్లో ఎర్రగా దద్దుర్లు లేచాయి.

"పిన్నీ, ఆర్గానిక్ అన్నారు కదా, ఇదేంటి?" అని దాని ఏడుపు మొహం. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం క్షణంలో తేల్చేశారు, బాలింత పథ్యం తప్పిందట! అదీ మన తీరు. మూడు వేల బట్ట తప్పు చెయ్యదు. నవ్వే పాపాయి బొమ్మ ఉన్న సీసా తప్పు చెయ్యదు. తప్పెప్పుడూ తల్లిదే.

పిల్లల డాక్టరుగారు బట్ట వాసన చూసి, దద్దుర్ల మాట తర్వాత, ముందు కలరా ఉండల సంగతి చెప్పమన్నారు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పసిపిల్లలకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ సోకితే ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లు ముదరవచ్చట. ఆ లోపం పిల్లని పైకి చూస్తే తెలిసేది కాదు. రక్తపరీక్ష వచ్చేదాకా మాకెవరికీ ముద్ద దిగలేదు. అదృష్టం, ఏమీ లేదన్నారు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను, అసలు ఆ ఆకు బొమ్మ మనకిచ్చిన మాట ఏమిటని. ఆర్గానిక్ పత్తి అంటే బీటీ విత్తనం, రసాయన ఎరువు, రసాయన పురుగుమందు లేకుండా పండించిన పత్తి. అది ముమ్మాటికీ మంచిదే. వరంగల్, ఆదిలాబాద్ వైపు పత్తి చేలల్లో వీపున డబ్బా కట్టుకుని మందు కొట్టేవాళ్ళకీ, అదే చేలో వంగి పత్తి ఏరే ఆడవాళ్ళకీ అంతకంటే మేలు ఏముంది? వాళ్ళ కోసం నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా నాకు బాధ లేదు.

కానీ కొట్టువాడు చేను సంగతి చెప్పడు, మీ పాపాయి చర్మం అని భయపెడతాడు. పత్తి గుడ్డ అయ్యేలోపు క్షారంలో ఉడుకుతుంది, బ్లీచింగ్ అవుతుంది, రంగు పడుతుంది, మెత్తదనానికి పూతలు పడతాయి. పిల్ల ఒంటికి తగిలేవి ఎక్కువగా ఈ చివర్లో చేరినవే. కాబట్టి ఆకు బొమ్మ కాదు, జీఓటీఎస్ ముద్ర ఉందా అని చూడండి. దానికి రంగుల మీద, రసాయనాల మీద కూడా నిబంధనలున్నాయి. అందులో 'ఆర్గానిక్' అని రాయాలంటే కనీసం 95 శాతం, 'మేడ్ విత్ ఆర్గానిక్' అంటే కనీసం 70 శాతం ఆర్గానిక్ నూలు ఉండాలి. ఓసీఎస్ ముద్ర అయితే ఆర్గానిక్ నూలు ఎంతుందో చెబుతుంది, రంగు సంగతి చెప్పదు.

ఇక బట్ట ఇంట్లోకి వచ్చాక ఏ ముద్రా కాపాడదు. కండిషనర్ నూలు పోగు మీద పూతలా పట్టేస్తుంది. చెమట, తడి పీల్చడం తగ్గుతుంది. పీల్చకపోతే అది నూలుబట్ట అయి ఏం లాభం? పిల్లకి వేరే సబ్బు, వేరే సువాసన, రోజూ జాడింపులో క్రిములు చంపే మందు అంటూ అమ్మేవన్నీ మన భయం మీద నడిచే వ్యాపారాలు.

ఇంకోటి నాకు ఒళ్ళు మండిస్తుంది. "ఖరీదైన బట్టలు, మెషీన్‌లో వేయకు, చేత్తోనే ఉతుకు" అని కుట్లు ఆరని పిల్లని బకెట్ ముందు కూర్చోబెట్టడం. కొన్నవాళ్ళు ఒకరు, మెచ్చుకునేవాళ్ళు ఒకరు, నడుం విరిగేది తల్లికి! చాలావరకు ఈ బట్టలు మెషీన్‌లో ఉతకదగ్గవే, లోపల కుట్టిన చీటీ చదవండి. ఆ మెషీన్ మీట పిల్ల తండ్రి కూడా నొక్కగలడు.

నేను ఇప్పుడు చేసేది ఇంతే. కొత్తబట్ట ఒకసారి ఉతికాకే వేస్తాను. చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్ళు, వాసన లేని సబ్బు పొడి కొంచెం, చివర ఇంకో జాడింపు. పాల మరకలు, దొడ్డి మరకలు ముందు చన్నీళ్ళలో కడుగుతాను, వేడినీళ్ళు పోస్తే మరక ఇంకా పట్టుకుంటుంది. తల్లిపాల పిల్లల పసుపు మరకకి ఎండే మందు, తడిగా ఉండగానే ఎండలో పరిస్తే వెలిసిపోతుంది. రంగు బట్టలు తిరగేసి నీడన ఆరేస్తాను. కండిషనర్, బ్లీచింగ్, గంజి, నీలిమందు ఏవీ వద్దు. పూర్తిగా ఆరాక మడిచి ఉత్త గుడ్డలో చుట్టి పెడతాను. కలరా ఉండలు మా ఇంట్లో ఏ బీరువాలోనూ లేవిప్పుడు.

మా అమ్మమ్మ పొత్తిళ్ళకి పాత నేతచీరే చింపేది. కొత్తది కొనలేక అనుకునేదాన్ని. పదేళ్ళు ఉతికి ఉతికి ఉన్న పూతంతా పోయి, మెత్తగా నలిగిన గుడ్డ అది. ఏ చీటీ లేకుండానే పసిదానికి సరిపోయేది. ఆర్గానిక్ కొనగలిగితే కొనండి, రెండు జతలు చాలు. కొనలేకపోతే పిల్లకేదో లోటు చేశామని మాత్రం కుమిలిపోకండి.

పిల్లకి దద్దురు వస్తే బాలింత కంచంలోకి చూడకముందు, బీరువాలోకీ బకెట్లోకీ ఒకసారి చూడండి.