మూసీ వాలు కాళ్లకే తెలుస్తుంది

పాతబస్తీ చూడాలనుకుంటే ఆదివారం తెల్లారగట్ల కోఠీ నుంచి సైకిలెక్కండి. కారులో వెళ్తే చార్మినార్ కనబడుతుంది గానీ ఊరు కనబడదు.

కోఠీలో రెసిడెన్సీ ఉంది. ఖైరున్నీసాను పెళ్లాడిన కిర్క్‌పాట్రిక్ దొర కట్టించిన ఆ మేడ ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. దగ్గర్లోనే, సుల్తాన్‌బజార్‌లో, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. నిజాం ఏలుబడిలో తెలుగు చదువరులకు నీడనిచ్చిన ఆ గడప ముందు టూరిస్టు బస్సు ఆగగా నేనైతే చూడలేదు.

అక్కణ్నుంచి అఫ్జల్‌గంజ్ వైపు తిరిగితే తొక్కే పని పెద్దగా ఉండదు, బండి దానంతటదే జారుతుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ ముంచేసిన పల్లం ఇదే. వేలమంది పోయారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికి బయటపడ్డారని చెబుతారు. కింద నిలబడి తలెత్తి చూస్తే, అంతమంది ఏ కొమ్మన పట్టారా అనిపిస్తుంది.

హైకోర్టు, ఆస్పత్రి, సిటీ కాలేజీ అన్నీ ఆ వరద తర్వాత లేచినవే. నయాపూల్ దాటాక మెల్లగా ఎత్తు మొదలవుతుంది, పిక్కలు గుర్తుపడతాయి. పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరస కూడా వరద తర్వాతి కట్టుబడే. దాని కమానుల అందం షట్టర్లు ఎత్తకముందే చూడాలి. పొద్దెక్కితే బోర్డులు, వేలాడే బట్టలు తప్ప ఇంకేమీ ఆనదు. మచిలీ కమాన్ కింద నుంచి దూరి, గుల్జార్‌హౌజ్‌ను చుట్టి వెళ్తే ఎదురుగా 1591 నాటి చార్మినార్.

చార్మినార్ చుట్టూ బళ్లు ఆపి రాళ్లు పరిచారు, సంతోషం. మరి సైకిల్‌కు తాళం వేసుకోవడానికి ఒక్క ఇనప కడ్డీ పాతితే ఏం పోయింది? అడిగితే ‘సైకిలే కదా, ఎక్కడో ఒకచోట పెట్టుకోండి’ అంటారు. గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చిన కొట్లు సందుకొకటి ఉన్న ఊరండీ ఇది! ఇదే నగరంలో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేసి, దానికి సోలార్ పైకప్పు కూడా కప్పారు. అక్కడ చూడ్డానికి పక్కన పోయే కార్లున్నాయి.

ఊరికన్నా ముందే, 1578లో, కట్టిన పురానాపూల్ మీద ఇవాళ కూరగాయల సంత. కారుకు దారి లేదక్కడ. సైకిలైతే టమాటా గంపల మధ్య నుంచి నడిపించుకుంటూ అవతలి ఒడ్డుకు చేరొచ్చు.

అధికారులను కోరేది పెద్దదేం కాదు. చార్మినార్ దగ్గర, ఆస్పత్రి గేటు దగ్గర, భాషానిలయం ముందు, పురానాపూల్ మొదట్లో తలా ఒక స్టాండు పెట్టండి. పైకప్పు అక్కర్లేదు.

– దారినపోయే దానయ్య