1952 నాటి భయం, ఇవాళ్టి వీసా

2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ ప్రకటించగానే మన టీవీ ఛానళ్లన్నీ ఒకటే లెక్క కట్టాయి: దాదాపు 88 లక్షల రూపాయలు. సెలవుకు ఇంటికొచ్చిన పిల్లలు టికెట్లు మార్చుకుని ఉన్నపళంగా బయల్దేరారు. ఇప్పటికే వీసా చేతిలో ఉన్నవాళ్లకు ఇది వర్తించదని మర్నాడు వివరణ వచ్చేదాకా ఎన్నో ఇళ్లల్లో అన్నం సహించలేదు. ట్రంప్‌ని తిట్టేవాళ్లు తిట్టారు, వెనకేసుకొచ్చేవాళ్లు వెనకేసుకొచ్చారు. కాంగ్రెస్‌లో చర్చ లేకుండా, ఓటింగ్ లేకుండా, ఒక్క సంతకంతో ఇంత పని చేసే అధికారం ఆ అధ్యక్షుడికి ఎక్కడి నుంచి వచ్చిందన్న మాట మాత్రం నేను విన్న చర్చల్లో రాలేదు.

జవాబు ఆ ప్రకటనలోనే ఉంది. 1952 నాటి వలస, పౌరసత్వ చట్టంలోని సెక్షన్ 212(ఎఫ్). ఏ విదేశీయుల రాక అయినా అమెరికా ప్రయోజనాలకు చేటు అని అధ్యక్షుడికి అనిపిస్తే, తాను అవసరం అనుకున్నంత కాలం వాళ్ల ప్రవేశాన్ని ఆపేయవచ్చు, తనకు తగునని తోచిన ఆంక్షలు పెట్టవచ్చు అని అది చెబుతుంది. కాంగ్రెస్ తన చేతిలోని అధికారాన్ని అంత ధారాళంగా ఎందుకు ఇచ్చేసిందో తెలిస్తేనే ఇవాళ మన పిల్లలకు జరుగుతున్నది అర్థమవుతుంది. ఖమ్మంలో చాలాకాలం డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. ఈ సంగతి రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఆ చట్టం పుట్టేనాటికి కొరియాలో యుద్ధం రెండేళ్లుగా సాగుతోంది. 1949లో చైనా ఎర్రజెండా కిందికి వెళ్లింది, అదే ఏడు సోవియట్ యూనియన్ అణుబాంబు పరీక్షించింది. 1950 ఫిబ్రవరిలో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ విదేశాంగ శాఖ నిండా కమ్యూనిస్టులున్నారని కేకేశాడు. నెవాడా సెనేటర్ పాట్ మెక్‌కారన్, పెన్సిల్వేనియా సభ్యుడు ఫ్రాన్సిస్ వాల్టర్ కలిసి ఈ చట్టం తెచ్చారు. ఇద్దరూ డెమోక్రాట్లే, అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ పార్టీవాళ్లే. అయినా 1952 జూన్ 25న ట్రూమన్ దాన్ని వీటో చేశాడు. కమ్యూనిస్టు పాలన నుంచి ప్రాణాలు చేతబట్టుకుని పారిపోయి వచ్చేవాళ్లకే ఈ చట్టంలోని జాతుల కోటాలు తలుపు మూస్తున్నాయని వాదించాడు. రెండు రోజులు తిరక్కుండా ఉభయ సభలూ వీటోని తోసిపుచ్చాయి.

ట్రూమన్ చేతులు కూడా పూర్తిగా శుభ్రం కావు. 1947 మార్చి 12న గ్రీస్, టర్కీలకు 40 కోట్ల డాలర్లు అడుగుతూ, ప్రపంచంలో ఎక్కడ కమ్యూనిజం తలెత్తినా అది అమెరికా పోరాటమే అన్న సిద్ధాంతం పెట్టింది ఆయనే. అదే నెల 21న కేంద్ర ఉద్యోగులందరి విధేయతను విచారించాలని ఆదేశించిందీ ఆయనే. ఆయన రాజేసిన నిప్పు ఐదేళ్లకు ఆయన మాట వినడం మానేసింది.

ఒక తేడా గమనించాలి. విదేశీయుల రాకను అడ్డుకునే ఇలాంటి అధికారం అధ్యక్షుడికి 1918లో యుద్ధకాలపు చట్టంగా వచ్చింది, 1941లో రెండో ప్రపంచయుద్ధం ముంగిట మళ్లీ వచ్చింది. 1952 చట్టంలోని 212(ఎఫ్)లో యుద్ధం అన్న షరతే లేదు. యుద్ధకాలపు అధికారం శాంతికాలపు దస్త్రాల్లో స్థిరపడింది, ఎవరూ దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆధునిక అమెరికా చరిత్రను ఒక్క వాక్యంలో చెప్పమని విద్యార్థులు అడిగితే నేను ఇదే చెప్పేదాన్ని.

ఈ భయం వేళ్లు ఇంకా వెనక్కి, అమెరికా పొరుగు నేలల మీదికి వెళ్లిన కాలందాకా పోతాయి. మన పిల్లలు ఉంటున్న డాలస్ నేల, శాన్‌హోసే ఊరు 1830 నాటికి మెక్సికోవి. 1848లో అమెరికాతో యుద్ధం ముగిసేసరికి మెక్సికో తన భూమిలో దాదాపు సగం పోగొట్టుకుంది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం చేసి ప్యూర్టోరికో, గ్వామ్, 2 కోట్ల డాలర్లిచ్చి ఫిలిప్పీన్స్ తీసుకున్నారు. ఆ ఏడే హవాయిని కలుపుకున్నారు. మా దేశం మాకు కావాలన్న ఫిలిప్పినోలతో 1899 నుంచి 1902 దాకా యుద్ధం. తుపాకులకూ కరువుకూ కలరాకూ చనిపోయిన సామాన్యులు రెండు లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా.

ఆ విస్తరణకు నాయకుడు అధ్యక్షుడు మెకిన్లీ. 1901 సెప్టెంబర్‌లో బఫెలో నగరంలో ఆయన్ని కాల్చి చంపిన లియాన్ చోల్గోష్ అరాచకవాది. అతను పుట్టింది మిషిగన్‌లో, అంటే అమెరికాలోనే. అయినా కాంగ్రెస్ 1903లో చేసిన చట్టం విదేశీ అరాచకవాదులు రాకూడదని. మనిషి చేసిన పనిని బట్టి కాకుండా నమ్మే సిద్ధాంతాన్ని బట్టి గడప దగ్గర ఆపడం అక్కడ మొదలైంది. 1919 డిసెంబర్ 21న న్యూయార్క్ నుంచి బ్యూఫర్డ్ అనే పాత సైనిక నౌకలో 249 మందిని రష్యాకు పంపేశారు. వాళ్లలో పేరున్న అరాచకవాది ఎమ్మా గోల్డ్‌మన్ ఉంది. ఆమె అమెరికాకు వచ్చింది 1885లో. మూడు దశాబ్దాలు దాటిన జీవితం ఒక్క రాత్రిలో ఓడెక్కింది.

1952 చట్టానికి ముందే ఆ భయం ఏం చేయగలదో చూపించిన మనిషి చైనీయుడు ఛియెన్ షూసెన్. ఆయన కథ మన పిల్లల కథకు చాలా దగ్గర. 1935లో స్కాలర్‌షిప్ మీద ఎంఐటీకి వచ్చాడు, తర్వాత కాల్‌టెక్‌లో రాకెట్ల మీద పనిచేశాడు. ఇవాళ నాసాకు తలమానికమైన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీని నిలబెట్టినవాళ్లలో ఒకడు. 1945లో అమెరికా సైన్యం తరఫున, కల్నల్ హోదాలో జర్మనీ వెళ్లి నాజీ రాకెట్ శాస్త్రవేత్తలను ప్రశ్నించాడు. వాళ్లలో వెర్నర్ వాన్ బ్రాన్ ఉన్నాడు. అమెరికా పౌరసత్వానికి ఛియెన్ దరఖాస్తు కూడా పెట్టుకున్నాడు. 1950లో, పన్నెండేళ్ల కిందట కమ్యూనిస్టు పార్టీలో సభ్యుడన్న ఆరోపణ మీద ఆయన భద్రతా అనుమతి లాక్కున్నారు. దేశం వదిలి వెళ్లబోతే కాగితాలతో నిండిన సామాను ఆపారు, టెర్మినల్ ఐలండ్‌లో నిర్బంధించారు. 15,000 డాలర్ల పూచీ మీద బయటికొచ్చాక ఐదేళ్లు నిఘాలో ఉంచారు. వెళ్లిపొమ్మన్న ఉత్తర్వూ వాళ్లదే, వెళ్లనివ్వకుండా పట్టుకున్నదీ వాళ్లే. భార్యనూ ఇద్దరు చిన్నపిల్లలనూ తీసుకుని 1955 సెప్టెంబర్‌లో లాస్ఏంజెలిస్‌లో ఓడెక్కాడు. చైనా క్షిపణులకూ, 1970లో ఆ దేశం ఎగరేసిన తొలి ఉపగ్రహానికీ వెనకున్న పెద్ద తల ఆయనదే.

అదే 1955 ఏప్రిల్‌లో వాన్ బ్రాన్ అమెరికా పౌరుడయ్యాడు. ఆయన నాజీ పార్టీ సభ్యుడు, ఎస్ఎస్ అధికారి. ఆయన వీ-2 రాకెట్లను నిర్బంధ శిబిరాల ఖైదీలతో చేయించారు. క్లాసులో ఈ రెండు తేదీలూ బోర్డు మీద పక్కపక్కన రాసేదాన్ని. పిల్లలకు ఇంకేమీ చెప్పాల్సి వచ్చేది కాదు.

ఆ భయం కట్టినవి కూడా ఉన్నాయి, అవి దాచిపెట్టి రాస్తే నా రాత నిజాయితీగా ఉండదు. 1956లో మొదలైన అంతర్రాష్ట్ర రహదారుల అధికారిక నామంలోనే రక్షణ అన్న మాట ఉంది. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరగానే 1958లో నాసా వచ్చింది, ఇంటర్నెట్‌కు పునాది వేసిన ఆర్పా వచ్చింది, జాతీయ రక్షణ విద్యా చట్టంతో విశ్వవిద్యాలయాల్లోకి డబ్బు పారింది. 1965లో జాతుల కోటాలు ఎత్తేయడానికి పౌరహక్కుల ఉద్యమం ఎంత కారణమో, ఆసియా ఆఫ్రికా దేశాల ముందు సోవియట్‌తో పోటీలో పరువు నిలుపుకోవాలన్న ఆరాటమూ అంతే కారణం. గుంటూరు, ఉస్మానియా మెడికల్ కాలేజీల డాక్టర్లు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లగలిగింది ఆ సవరణ తర్వాతే. అంతకుముందు భారతదేశానికి ఏడాదికి దక్కిన కోటా 100. తలుపు తెరుచుకుంది, గొళ్లెం మాత్రం 1952 నాటిదే ఉండిపోయింది.

ఆ గొళ్లెం మా ఇంటికీ తగిలింది. గ్రీన్ కార్డు ఫారంలోనూ పౌరసత్వం ఫారంలోనూ ఇప్పటికీ ఒక ప్రశ్న ఉంది: ఎప్పుడైనా, ఎక్కడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా? ఖమ్మం, నల్లగొండ, కృష్ణా జిల్లాల్లో ఈ ప్రశ్నకు అవును అనాల్సిన కుటుంబాలు ఎన్నో. 1952 తొలి ఎన్నికల్లో నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకుని లోక్‌సభకు వెళ్లారు. ఆ ఏడే అమెరికా ఈ చట్టం రాసుకుంది. మాకు కమ్యూనిస్టు పార్టీ అంటే ఓటు పెట్టెలో ఒక గుర్తు, భూమి కోసం జైలుకెళ్లిన పెదనాన్న, కూలిరేట్ల ధర్నా.

మా పెద్దన్నయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు. పార్టీ మెంబర్‌షిప్ ఏటా రెన్యువల్ చేయించుకుంటాడు. అమెరికా పౌరుడైన కొడుకు గ్రీన్ కార్డు పెడదామని ఫోన్ చేశాడు. వదినకు మోకాళ్లు బాగా లేవు, అక్కడైతే చూసుకుంటానని వాడి ఆశ.

"నాన్నా, ఆ ప్రశ్న దగ్గర నో అని పెట్టేద్దాం. ఎవరు చూడొచ్చారు?"

"కార్డు మీద సంతకం నాదేరా. లేదని ఎట్లా రాస్తాను?"

"పోనీ, రిజైన్ చేసెయ్. రెండేళ్లాగితే అడ్డం ఉండదంట."

అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "అబద్ధం రాయను. నిజం రాసి బతిమిలాడుకోనూ లేను. చూడ్డానికి వచ్చిపోతాంలే."

చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఆ అడ్డు 1990లో తీసేశారు. అక్కడే స్థిరపడాలనుకునేవాళ్లకు మాత్రం ఉంచారు. అన్నయ్య, వదిన విజిటర్ వీసా మీద వెళ్లి మనవరాలిని చూసి వచ్చారు. ఇదే ఇబ్బందిలో ఉన్న కుటుంబాలకు ఒక మాట: పౌరుల తల్లిదండ్రులకు మినహాయింపు అడిగే వీలు ఆ చట్టంలోనే ఉంది, మంచి లాయరును అడగండి. అబద్ధం మాత్రం రాయకండి. సభ్యత్వం నేరం కాదు, తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం, అది జీవితాంతం వెంటాడుతుంది.

మనవాళ్లు అనువదించుకుని చదువుకున్న పాబ్లో నెరూడా, గార్సియా మార్క్వెజ్ కూడా ఈ చట్టం చేతే వీసాల దగ్గర అవస్థపడ్డారు. బెల్జియం మార్క్సిస్టు ఎర్నెస్ట్ మాండెల్ విశ్వవిద్యాలయాల్లో ఉపన్యసించడానికి వీసా అడిగితే నిరాకరించారు. పిలిచిన ప్రొఫెసర్లు కోర్టుకెళ్లారు. 1972లో సుప్రీంకోర్టు 6-3తో ప్రభుత్వాన్నే సమర్థించింది: పైకి సబబుగా కనిపించే కారణం ఒకటి చూపిస్తే చాలు, కోర్టు లోపలికి తొంగి చూడదు. 2018లో ప్రధానంగా కొన్ని ముస్లిం దేశాల మీద ట్రంప్ పెట్టిన ప్రయాణ నిషేధాన్ని 5-4తో నిలబెట్టినప్పుడు న్యాయమూర్తులు ఆ మాండెల్ తీర్పునే పట్టుకున్నారు, 212(ఎఫ్)నే చదివారు. కమ్యూనిస్టుల భయంతో రాసిన చట్టం ఆ నిషేధంతో యెమెన్ తల్లి మీదికి వెళ్లింది, అక్కడి నుంచి మన ఇంజనీరు మీదికి వచ్చింది. సోవియట్ యూనియన్ లేకుండా పోయి మూడు దశాబ్దాలు దాటింది.

2018లో మన ఇళ్లల్లో ఈ తీర్పు గురించి పెద్దగా బాధపడినవాళ్లు లేరు. అది ఎవరికో అనుకున్నాం. ఆ ఎవరికో అనుకోవడమే ఇలాంటి అధికారాలకు బలం.

అమెరికాలో ఓటు హక్కున్న తెలుగువాళ్లకు నా విన్నపం. అధ్యక్షుడి ఈ అధికారానికి ఆధారాలు, హద్దులు, కాంగ్రెస్‌తో సంప్రదింపు ఉండాలనే నో బ్యాన్ బిల్లును ప్రతినిధుల సభ 2020లో ఒకసారి, 2021లో ఒకసారి ఆమోదించింది. రెండుసార్లూ సెనేట్‌లో ఆగిపోయింది. తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల సభలకు మీరు సెనేటర్లను, కాంగ్రెస్ సభ్యులను పిలుస్తారు, శాలువాలు కప్పుతారు, ఎన్నికల నిధులిస్తారు. ఈసారి పిలిచినప్పుడు హెచ్-1బీ ఫీజు ఒక్కటే అడగకండి. 212(ఎఫ్) మీద మీ ఓటు ఎటు అని అడగండి, జవాబు చెప్పేదాకా అడగండి.