‘దృశ్యం’: దాచిన నిజం, దాచకూడని మాట

చలనచిత్రాలను గూర్చి కళాశాల సంచికలో వ్రాయడం కొందరు పెద్దలకు రుచించకపోవచ్చు. సినిమా కాలక్షేపానికే గాని చర్చకు తగదని వారి అభిప్రాయం. అయితే ఒక చిత్రం ఆడపిల్ల చదువును, తండ్రి బాధ్యతను, సత్యాసత్య వివేచనను ఒక్కసారిగా మన ముందు ప్రశ్నలుగా నిలిపినప్పుడు, దానిని తరగతి గది గుమ్మం వద్దనే ఆపివేయడం ఉచితం కాదని మేము తలుస్తున్నాము. అట్టి చిత్రం ‘దృశ్యం’.

జీతూ జోసెఫ్ రచించి, దర్శకత్వం వహించి, మోహన్‌లాల్ నాయకుడుగా 2013 డిసెంబరులో మలయాళంలో వెలువరించిన ఈ చిత్రాన్ని 2014లో నటి శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్ నాయకుడుగా తెలుగులో తీశారు. ఇల్లాలి పాత్రను రెండు భాషలలోనూ మీనాయే ధరించింది. కన్నడ, తమిళ, హిందీ భాషలకే గాక 2019లో చైనా దేశానికి కూడ ఈ కథ వెళ్లింది. మలయాళంలో ఆ ఇంటి యజమాని జార్జికుట్టి, క్రైస్తవుడు. తెలుగులో అతడే రాంబాబు. పేరు మారింది, ప్రార్థనా స్థలం మారింది, కథ మాత్రం మారలేదు. అతని పేరు రహీం అయినా మారదు. ఇంత దూరం ప్రయాణించగలిగిన శక్తి దానికి అందుండే వచ్చింది.

కథ అందరికీ తెలిసినదే. నాల్గవ తరగతి దాటని కేబుల్ టీవీ వ్యాపారి, భార్య, ఇద్దరు కుమార్తెలు. పెద్దమ్మాయి విద్యార్థుల శిబిరానికి వెళ్లినప్పుడు ఒక యువకుడు ఆమె స్నానం చేస్తుండగా చాటుగా ఫోనులో చిత్రీకరిస్తాడు. దానిని చూపి బెదిరిస్తాడు. అతడు పోలీసు ఉన్నతాధికారిణి కుమారుడు. ఒక రాత్రి ఇంటికే వచ్చి పట్టుబట్టగా, ఆ పెనుగులాటలో అమ్మాయి కొట్టిన దెబ్బకు మరణిస్తాడు. ఆ తరువాత తండ్రి తాను చూసిన వేల సినిమాలనుండి నేర్చుకున్న తెలివితో ఒక అబద్ధాన్ని అల్లి, ఊరంతటి చేత దానికే సాక్ష్యం చెప్పిస్తాడు.

మన సీమకు వెండితెరతో ఒక పాత లెక్క ఉన్నది. ‘సమరసింహారెడ్డి’ (1999) మొదలుకొని కొన్నేళ్లపాటు కర్నూలు, కడప అనగానే వేటకొడవళ్లు, బాంబులు, వరుసగా పరుగెత్తే వాహనాలు అనే భావన ప్రేక్షకులలో స్థిరపడింది. ‘ఒక్కడు’ (2003) చిత్రంలో మన కొండారెడ్డి బురుజు చెంత కథానాయకుడు తన బాహుబలంతో కర్నూలు అమ్మాయిని ఒక బలవంతుని చెరనుండి తప్పిస్తాడు. ‘దృశ్యం’లోనూ ఒక బలవంతుని బారిన పడ్డ ఆడపిల్లయే ఉన్నది. కాని ఇక్కడ రక్షించేవాడు చేయి ఎత్తడు. పోలీసులు కొట్టినా సహిస్తాడు, చిన్న కుమార్తెను సైతం హింసించినా మాట తప్పడు. కొడవలి లేని కథానాయకుణ్ణి మన ప్రేక్షకులు ఆదరించారంటే, మనమీద వేసిన ముద్ర ఎంత అసంపూర్ణమో తెలుస్తున్నది.

అయినను, చప్పట్లు కొట్టి ఊరకుండుట చాలదు. తెలుగు చదివిన వారికి ఇచట వామన చరిత్ర గుర్తుకు రాక మానదు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి, ప్రాణానికీ ధనానికీ మానానికీ హాని కలిగే వేళ అబద్ధమాడినా దోషం లేదని బోధిస్తాడు. బలి ఆ బోధను కాదని మాటకు కట్టుబడతాడు. మన రాంబాబు శుక్రుని శిష్యుడు. అతనిని నిందించడం సులభమే. కాని బలికి ముల్లోకాలు ఉన్నవి, కావున పోగొట్టుకొని కీర్తి పొందగలిగాడు. రాంబాబుకు ఉన్నవి ఒక ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు. పైగా ఫిర్యాదు వినవలసిన అధికారిణియే మరణించినవాని తల్లి. ఠాణా తలుపు మూసి ఉన్నప్పుడు పేదవానికి సత్యం చెప్పే చోటు ఏది? ఆ శవం చివరకు కొత్తగా కడుతున్న పోలీసు ఠాణా నేల క్రిందనే ఉండటంలో దర్శకుడు ఒక పెద్ద మాట చెప్పాడు.

అయితే చట్టం బొత్తిగా లేదా? ఉన్నది. చిత్రం విడుదలైన 2013లోనే శిక్షాస్మృతిలో 354-సి అనే కొత్త విభాగం చేరింది. స్త్రీ ఏకాంతంలో ఉండగా చాటుగా చూచుట, చిత్రించుట నేరమై, మొదటిసారికే ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు విధించదగినదైంది. 2024 జూలై నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 77వ విభాగం. ఆత్మరక్షణ హక్కు అంతకుముందునుండే ఉన్నది. పద్దెనిమిదేళ్లు నిండని బాలికయైతే ఆమె వివరాలు పత్రికలలో రాకూడదని 2012 నాటి పోక్సో చట్టం కట్టడి చేసింది. న్యాయస్థానం ఏమి తేల్చి ఉండేదో మేము చెప్పజాలము. కాని ఆ అమ్మాయికి చెప్పుకోదగిన వాదం ఉన్నదని మాత్రం చెప్పగలము.

మరి ఆ మాట ఎందుకు బయటికి రాలేదు? మా దృష్టిలో చిత్రానికి ఆయువుపట్టు ఇదే. అంతా జరిగిపోయిన తరువాత గాని తండ్రికి సంగతి తెలియదు. ప్రాణమిచ్చే తండ్రి ఇంట్లో ఉండి కూడ, బెదిరింపు వచ్చిన నాడే బిడ్డ ఆయన వద్దకు వెళ్లలేదు. కారణం భయం కన్న సిగ్గు. పరువు అనండి, ఇజ్జత్ అనండి, దానిని మనం ఆడపిల్ల దేహం మీద మోపి ఉంచాము. చాటుగా చిత్రించినవాడు తలెత్తుకు తిరుగుతాడు, చిత్రింపబడినది తల వంచుకుంటుంది. రాంబాబు దాచిన రహస్యం ఆ తొలి మౌనంనుండే పుట్టింది.

ఇట్టి చిత్రం చూచి కొందరు తల్లిదండ్రులు గ్రహించే నీతి, ఇక అమ్మాయిని ఎక్కడికీ పంపరాదని. గండికోటకో బెలుం గుహలకో విహారయాత్ర అనగానే మొదట కొట్టివేయబడే పేర్లు అమ్మాయిలవే. సేవాశిబిరం అంటే ఇంటినుండి ఉత్తరువు రాదు. ఆదోనినుండో ప్రొద్దుటూరునుండో బస్సెక్కి చదువుకొనే బిడ్డకు ఒక యాత్ర ఆగితే పెద్ద నష్టమేమని అడుగవచ్చు. నేడు యాత్ర ఆగుతుంది, రేపు ఫోను ఆగుతుంది, ఎల్లుండి చదువే ఆగుతుంది. నేరం చేసినవాడు ఒకడు, శిక్ష అనుభవించేది మరొకరు. ఇది చిత్రం చెప్పిన నీతి కాదు, మనం దానికి అంటగట్టినది.

కావున కళాశాల పాలకవర్గానికి మా విన్నపం ఇది. శిబిరాలను మాన్పవద్దు, అమ్మాయిలతో పాటు ఒక అధ్యాపకురాలిని తప్పక పంపండి. బెదిరింపుకు గురైన విద్యార్థిని పేరు బయటపడకుండా చెప్పుకొనే చోటు ఒకటి ఏర్పరచి, ఏ గదిలో, ఏ అధ్యాపకురాలి వద్ద అనే సంగతి మొదటి దినమే అందరికీ తెలుపండి. ఏడాదికొకసారి తల్లిదండ్రులను పిలిచినప్పుడు మార్కులతో పాటు ఈ చట్టాల సంగతి కూడ ఉర్దూలోనూ తెలుగులోనూ వివరించండి.

విద్యార్థులారా, చిత్రం చివరి భాగంలో మరణించిన యువకుని తల్లిదండ్రులు రాంబాబు ఎదుట నిలిచి క్షమాపణ అడుగుతారు. అధికారం, ఐశ్వర్యం ఉన్న ఇంటిని అంత దీనస్థితికి తెచ్చినది చేతిలోని ఒక ఫోను. మీ చేతిలోనూ అట్టిదే ఉన్నది. విద్యార్థినులారా, మీమీద జరిగిన అపరాధం మీ అపరాధం కాదు. తల్లికి చెప్పండి, తండ్రికి చెప్పండి, మాకు చెప్పండి. అంత గొప్ప అబద్ధం అల్లగల నేర్పు ప్రతి తండ్రికీ ఉండదు. తొలినాడే బిడ్డ మాట వినగల చెవి మాత్రం ప్రతి తండ్రికీ ఉండగలదు.